నేల లేచింది, అడవి ఎండింది



కరవు అనగానే మనకు అనంతపురం గుర్తుకొస్తుంది. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కూడా నమ్మకంగా పడని నేల అది. అక్కడ చెట్టు ఎండిపోతే ఎవరూ ఆశ్చర్యపోరు. కాని ఏటా సుమారు 3,000 మిల్లీమీటర్ల వాన కురిసే అండమాన్ దీవుల్లో, అదీ సముద్రపు ఒడ్డున, నీరు అందక అడవి చచ్చిపోయిందంటే నమ్ముతారా?

మాయాబందర్ మధ్య అండమాన్ ఉత్తర కొసన ఉన్న చిన్న పట్టణం. అడవి పనుల కోసం 1925లో బర్మా నుంచి రప్పించిన కరెన్ కుటుంబాలు దీని సమీపంలోని వెబీ గ్రామంలో స్థిరపడ్డాయి. చుట్టూ ఉప్పునీటి పాయలు, వాటి గట్ల వెంట మడ అడవులు. కోరంగి చూసినవారికి ఈ అడవి కొత్తకాదు. బురదలోకి ఊడలు దింపి నిలబడే పొన్న జాతి చెట్లు ఇక్కడ విస్తారం. రొయ్య పిల్లలకు, పీతలకు, చేప పిల్లలకు ఆ ఊడల సందులే పురిటిల్లు.

2004 డిసెంబరు 26, ఆదివారం ఉదయం 6 గంటల 28 నిమిషాలకు సుమత్రా పక్కన సముద్రగర్భంలో మొదలైన భూకంపం ఉత్తరాన అండమాన్ల దాకా సుమారు 1,300 కిలోమీటర్ల పొడవున నేలను చీల్చింది. సునామీ సంగతి అందరికీ తెలుసు. అంతగా తెలియనిది మరొకటి ఉంది. ఆ ఉదయం దీవుల ఎత్తే మారిపోయింది. నికోబార్ దక్షిణాగ్రాన ఇందిరా పాయింట్ 4 మీటర్లకు పైగా కుంగింది. పోర్ట్ బ్లెయిర్ సుమారు ఒక మీటరు దిగింది. ఉత్తర అండమాన్ మాత్రం పైకి లేచింది. పడమటి తీరం మీటరుకు మించి, తూర్పు తీరం అంతకంటె తక్కువగా. పగడపు దిబ్బలు నీళ్లపైకి తేలి, ఎండకు తెల్లబడ్డాయి.

తర్వాతి నెలల్లో మడ చెట్లు ఆకులు రాల్చి, నిలువునా మోడులయ్యాయి. సునామీ అలలే వాటిని చంపాయని చాలామంది అనుకుంటారు. అల కొడితే చెట్టు విరగాలి, కూలాలి. ఇవి నిలబడే చచ్చిపోయాయి. ఈ తేడాను గమనించడంలోనే సైన్సు మొదలవుతుంది.

చెట్టు నీటిని ఎలా పైకి లాగుతుందన్నది పాత వివాదం. 1894లో డబ్లిన్‌లో డిక్సన్, జోలీ అనే ఇద్దరు ఒక వివరణ ఇచ్చారు. ఆకుల నుంచి నీరు ఆవిరవుతుంటే, ఒకదాన్నొకటి పట్టుకున్న నీటి అణువులు దారంలా వేరు దాకా లాగబడతాయని. మన జగదీశ్‌చంద్ర బోస్ దీన్ని ఒప్పుకోలేదు. జీవకణాల స్పందనలే నీటిని పైకి పంపుతాయని 1923లో ఏకంగా పుస్తకమే రాశారు. బోస్ మీద నాకున్న గౌరవం తగ్గదు కాని, ఈ విషయంలో కాలం డిక్సన్ పక్షాన నిలిచింది. 1965లో షోలాండర్ బృందం ఉక్కు గదిలో కొమ్మను బిగించి, గాలి ఒత్తిడితో ఆ లాగుడును కొలిచింది. వారు పరీక్షించిన వాటిలో మడ చెట్లూ ఉన్నాయి. వాటిలో లాగుడు 30 అట్మాస్ఫియర్లు దాటింది. కారు టైరులో గాలి ఒత్తిడికి ఇది పది రెట్ల పైమాటే.

ఎందుకంత? సముద్రపు ఉప్పు నీటిని గట్టిగా పట్టి ఉంచుతుంది. దాని నుంచి మంచినీటిని విడదీయాలంటే సుమారు 25 అట్మాస్ఫియర్ల లాగుడు కావాలి. అంటే కాళ్లు నీళ్లలో ఉన్నా మడ చెట్టు ఎప్పుడూ దప్పికతోనే బతుకుతుంది. దానికి మిగిలిన వెసులుబాటు బహు తక్కువ.

ఇప్పుడు మాయాబందర్ తీరానికి వద్దాం. నేల లేచాక రోజూ రెండుసార్లు వచ్చే పోటునీరు చాలా చోట్ల అందకుండా పోయింది. పున్నమి, అమావాస్యల పెద్ద పోట్లు ఎక్కడైనా వచ్చినా అది చాలదు. పైగా భూకంపం వచ్చింది డిసెంబరు చివర. అండమాన్లలో జనవరి నుంచి ఏప్రిల్ దాకా వానలు తక్కువ. తేమ ఆవిరయ్యే కొద్దీ బురదలో మిగిలిన ఉప్పు చిక్కబడుతుంది. చెట్టు ఇంకా గట్టిగా లాగాలి. ఒక హద్దు దాటితే నీటి దారం తెగి, నాళంలో గాలి బుడగ చేరుతుంది. అలా ఒక్కో నాళం పనికిరాకుండా పోతుంది. నీటిని దాచుకోవడానికి చెట్టు ఆకు రంధ్రాలు మూసుకుంటే, కర్బనం లోపలికి రాక ఆహారం తయారుకాదు. మూస్తే ఆకలి, తెరిస్తే దాహం. అనంతపురం వేపకైనా, అమెజాన్ మహావృక్షానికైనా కరవులో ఇదే ఇరకాటం.

మరి మే నెలలో నైరుతి వాన వచ్చింది కదా, బతకలేదా అని మీరు అడగవచ్చు. పొన్న జాతికి ఒక బలహీనత ఉంది. ముదిరిన కొమ్మల నుంచి అది మళ్లీ చిగుర్చలేదు. తెల్ల మడ లాంటి జాతులకు ఆ శక్తి ఉంది. ఒకే గట్టు మీద కొన్ని చెట్లు చచ్చి, కొన్ని మిగలడానికి ఇదొక కారణం.

ఇలాంటిదే 2015 చివర ఆస్ట్రేలియా ఉత్తరాన కార్పెంటారియా సింధుశాఖలో జరిగింది. అక్కడ నేల లేవలేదు. ఎల్ నినో ప్రభావంతో సముద్రమే సుమారు 20 సెంటీమీటర్లు దిగింది, దానికి వర్షాభావం తోడైంది. వెయ్యి కిలోమీటర్ల తీరం వెంట 7 వేల హెక్టార్లకు పైగా మడ అడవి ఎండిపోయింది. అయితే అక్కడ సముద్రం మళ్లీ పాత మట్టానికి వచ్చింది. లేచిన నేల అంత తొందరగా దిగదు. కాబట్టి ఎండిన చోటే తిరిగి మడ మొక్కలు నాటడం, నా దృష్టిలో, డబ్బూ శ్రమా వృథా చేసుకోవడమే. ముందు అక్కడికి పోటునీరు ఎన్ని రోజులు, ఎంత ఎత్తున వస్తోందో కొలవాలి. దానికి గుర్తులు గీసిన ఒక కర్ర, ఒక నోటు పుస్తకం చాలు.

దక్షిణ అండమాన్‌లో కథ తిరగబడింది. పోర్ట్ బ్లెయిర్ దగ్గర సిప్పీఘాట్‌లో నేల కుంగి, వరి పొలాల్లోకి ఉప్పునీరు వచ్చి నిలిచింది. రైతులు పొలాలు పోగొట్టుకున్నారు. కొన్నేళ్లకు ఆ మడుల్లో, ఎవరూ నాటకుండానే, మడ మొక్కలు లేచాయి.