కోల్‌కతా పొగ నుంచి ట్రామ్ దాకా: ఉద్గారాల చరిత్రను ఎలా చదవాలి?

పర్యావరణం అనగానే మనం 1972 స్టాక్‌హోమ్ దగ్గర మొదలుపెడతాం. తర్వాత 1992 రియో, 1997 క్యోటో, 2015 పారిస్. చివర్లో 2070 నాటికి నెట్ జీరో అని రాసి పెన్ను పక్కన పెడతాం. తప్పేం లేదు, మార్కులు వస్తాయి. కానీ ఇలా చదివినప్పుడు ఉద్గారాలంటే విదేశీ సదస్సుల్లో పుట్టిన సమస్య అనే అభిప్రాయం మనకు తెలియకుండానే ఏర్పడుతుంది. మన దేశంలోనే 1863లో పొగను అదుపు చేయడానికి చట్టం చేసిన నగరం ఉందని, 1902లోనే కరెంటుతో నడిచే ప్రజారవాణా మొదలుపెట్టిన నగరమూ అదేనని గుర్తుంటే మీ సమాధానం రూపమే మారిపోతుంది. ఆ నగరం కోల్‌కతా. ఈ వ్యాసం జీఎస్-1 ఆధునిక చరిత్రకూ, జీఎస్-3 పర్యావరణానికీ రెండిటికీ పనికొస్తుంది.

ముందు బొగ్గు సంగతి చూడండి. వారెన్ హేస్టింగ్స్ కాలంలో, 1774లో, సమ్నర్, హీట్లీ అనే ఇద్దరు ఆంగ్లేయులకు రాణీగంజ్ ప్రాంతంలో బొగ్గు తవ్వుకోవడానికి అనుమతి దొరికింది. అయితే అప్పట్లో బొగ్గుతో పెద్దగా పని లేదు. కథ ఊపందుకున్నది 1836లో, ద్వారకానాథ్ టాగోర్ భాగస్వామిగా ఉన్న కార్, టాగోర్ అండ్ కంపెనీ రాణీగంజ్ గనిని కొన్న తర్వాత. (రవీంద్రనాథ్ టాగోర్ తాతగారే ఈ ద్వారకానాథ్. భారతీయుల తొలి ఆధునిక వ్యాపారాల గురించి రాసేటప్పుడు ఈ పేరు వదలకండి.) 1843లో బెంగాల్ కోల్ కంపెనీ వచ్చింది. తవ్విన బొగ్గు కలకత్తా చేరాలంటే దామోదర్ నదిలో పడవలే దిక్కు. ఆ నదిలో పడవ నడిచేంత నీళ్లు వానాకాలంలోనే ఉండేవి. అంటే మిగతా నెలల్లో తవ్విన బొగ్గంతా గట్టు మీద కుప్పలుగా పడి ఉండాల్సిందే.

ఈ ఇబ్బందిని రైలు తీర్చింది. 1854 ఆగస్టు 15న హావ్‌డా నుంచి హుగ్లీకి తొలి రైలు నడిచింది. 1855 మొదట్లోనే ఆ లైను రాణీగంజ్ చేరింది. తూర్పున తొలి లైను నేరుగా బొగ్గు గనికి ఎందుకు వెళ్లిందో ఇప్పుడు మీకు అర్థమవుతుంది. అదే 1855లో రిష్రాలో తొలి జనపనార మిల్లు పెట్టారు. 1857లో ఓరియంటల్ గ్యాస్ కంపెనీ బొగ్గు నుంచి తీసిన గ్యాస్‌తో వీధి దీపాలు వెలిగించింది. ఏడాది పొడవునా చౌకగా బొగ్గు దొరకడం మొదలైన మూడేళ్లలోనే నగరం దానికి అలవాటు పడిపోయింది.

పొగ కూడా అంతే వేగంగా వచ్చింది. రాణీగంజ్ బొగ్గులో వేడికి ఆవిరయ్యే పదార్థాలు ఎక్కువ. కొలిమిలో గాలి సరిగా ఆడకపోతే అది నల్లటి పొగ కక్కుతుంది. హుగ్లీ రెండు ఒడ్డుల మిల్లులు, స్టీమర్లు, వర్క్‌షాపుల పొగకు తోడు ఇళ్లలో పిడకలు, బొగ్గు వేసి మండించే పొయ్యిల (బెంగాలీలు 'ఉనూన్' అంటారు) పొగ. చలికాలంలో చల్లగాలి నేలకు అంటుకుని ఉండిపోతుంది, దానిలోనే ఈ పొగంతా చిక్కుకుపోతుంది. 1863లో కలకత్తా, హావ్‌డాలకు పొగ నియంత్రణ చట్టం చేశారు. లండన్‌లో ఇలాంటి చట్టం 1853లో వచ్చింది. అంటే లండన్‌కూ కలకత్తాకూ మధ్య తేడా పదేళ్లే.

చట్టం ఉన్నా అమలు నామమాత్రమే. మిల్లు యజమానులు, వారి మేనేజింగ్ ఏజెన్సీలు, వాణిజ్య మండలి అంతా ఒకే వర్గం. వైస్రాయ్ కర్జన్ కాలానికి సమస్య మళ్లీ పైకి వచ్చింది. లీడ్స్ నుంచి ఫ్రెడరిక్ గ్రోవర్ అనే ఇంజినీరును పిలిపించి నివేదిక తెప్పించుకున్నారు. దాని తర్వాత 1905లో బెంగాల్ పొగ నియంత్రణ చట్టం, ఒక కమిషన్, ఇన్‌స్పెక్టర్లు వచ్చారు. 1905 అంటే మనకు బెంగాల్ విభజన, స్వదేశీ ఉద్యమం తప్ప ఇంకేమీ గుర్తురాదు. అదే ఏడాది పొగ చట్టం కూడా వచ్చిందని ఒక్క వాక్యం రాస్తే పేపరు దిద్దేవారి కన్ను అక్కడ ఆగుతుంది.

ఇన్‌స్పెక్టర్లు పొగను కొలిచిన పద్ధతి తెలుసుకోవాలి. ఫ్రాన్స్‌కు చెందిన మాక్సిమిలియన్ రింగెల్మన్ 1880ల చివర్లో ఒక చార్ట్ తయారు చేశాడు. తెల్ల కాగితం మీద నల్ల గీతల గళ్లు, 0 నుంచి 5 దాకా అంచెలు. చార్టును దూరంగా పెట్టి, పొగగొట్టం నుంచి వచ్చే పొగ ఏ అంచెతో సరిపోలుతుందో కంటితో చూడడమే పని. ఎంత నలుపు ఉంటే అంత నేరం. తప్పు తేలితే జరిమానా యజమానికే, కానీ తిట్లు మాత్రం బాయిలర్ దగ్గర బొగ్గు వేసే కూలీకి. వాడికి పని రాకే పొగ వస్తోందన్నది ఆనాటి అధికారుల అభిప్రాయం. మంచి కొలిమి కట్టించడం కంటే కూలీని నిందించడం చౌక కదా!

ఇక్కడ కాసేపు ఆగండి. ఈ వ్యాసంలో అసలు విషయం ఇదే. నల్లటి పొగ అంటే కాలకుండా మిగిలిన కార్బన్. కొలిమిని బాగుచేసి గాలి బాగా అందిస్తే ఆ కార్బన్ పూర్తిగా కాలుతుంది. పూర్తిగా కాలితే ఏమవుతుంది? కంటికి కనపడని కార్బన్ డయాక్సైడ్ అవుతుంది. ఒక కిలో కార్బన్ కాలితే సుమారు 3.67 కిలోల కార్బన్ డయాక్సైడ్ (44ని 12తో భాగించండి). అంటే 1905 చట్టం ఎంత బాగా అమలైనా ఆకాశం తేటపడుతుంది తప్ప, కాల్చిన ప్రతి బస్తా బొగ్గులోని కార్బన్ గాలిలోకే పోతుంది. లాభం లేదని కాదు. ఊపిరితిత్తులకు మేలు, అదే ఆవిరికి తక్కువ బొగ్గు చాలు. కానీ ఆవిరి చౌకైతే మిల్లులు పెరుగుతాయి, మొత్తం బొగ్గు వాడకం తగ్గకపోగా పెరుగుతుంది. ఇంగ్లండ్ ఆర్థికవేత్త జెవన్స్ ఈ మాటను 1865లోనే, కలకత్తా తొలి పొగ చట్టం వచ్చిన రెండేళ్లకు, తన బొగ్గు పుస్తకంలో వాదించాడు.

ప్రిలిమ్స్ కోసం ఒక జాగ్రత్త. పొగలోని మసి, అంటే బ్లాక్ కార్బన్, భూమిని వేడెక్కిస్తుంది కానీ గ్రీన్‌హౌస్ వాయువు కాదు, అది కణం. ఆప్షన్లలో ఇది కలిసి వస్తే తికమక పడొద్దు.

కార్బన్ డయాక్సైడ్ గురించి అప్పటికి ఎవరికీ తెలియదా? తెలుసు. స్వీడన్ శాస్త్రవేత్త ఆరీనియస్ గాలిలో ఈ వాయువు రెట్టింపైతే భూమి ఎంత వేడెక్కుతుందో 1896లో లెక్క కట్టాడు. కానీ ఆ లెక్క చట్టం చేసేవాళ్ల బల్ల మీదికి రాలేదు. కంటికి కనిపించేదే కాలుష్యం అన్న అలవాటు అప్పటి నుంచీ మన పాలనలో ఉంది. 2008లో కలకత్తా హైకోర్టు 15 ఏళ్లు దాటిన వాణిజ్య వాహనాలను తీసేయాలని, టూ-స్ట్రోక్ ఆటోల స్థానంలో ఎల్‌పీజీ ఆటోలు రావాలని ఆదేశించినప్పుడూ ప్రధాన ఉద్దేశం పొగే.

ఇక ట్రామ్. 1873 ఫిబ్రవరి 24న సియాల్దా నుంచి ఆర్మేనియన్ ఘాట్‌కు గుర్రపు ట్రామ్ మొదలైంది. గిట్టుబాటు కాక అదే ఏడాది నవంబరులో ఆగిపోయింది. 1880లో లండన్‌లో కలకత్తా ట్రామ్‌వేస్ కంపెనీ రిజిస్టరైంది. ఆ శతాబ్దం చివరికి కంపెనీ దగ్గర 166 బోగీలు, సుమారు 1,000 గుర్రాలు, 19 మైళ్ల పట్టాలు ఉన్నాయి. మధ్యలో ఆవిరి ఇంజిన్లు కూడా ప్రయత్నించారు. 1899 ఏప్రిల్‌లో ఇమామ్‌బాగ్ లేన్‌లో కలకత్తా ఎలక్ట్రిక్ సప్లై కార్పొరేషన్ వారి తొలి విద్యుత్ కేంద్రం పనిచేయడం మొదలైంది. 1902 మార్చి 27న ఎస్ప్లనేడ్ నుంచి ఖిదిర్‌పూర్‌కు ఎలక్ట్రిక్ ట్రామ్ నడిచింది.

దేశంలో ఇది తొలి ఎలక్ట్రిక్ ట్రామ్ కాదు. ఆ ఘనత 1895లో మద్రాసుది. పొట్టి శ్రీరాములు గారు 1952లో మద్రాసులో దీక్ష చేసిన రోజుల్లో కూడా ఆ వీధుల్లో ట్రామ్‌లు తిరుగుతూనే ఉన్నాయి. 1953 ఏప్రిల్‌లో ఆగిపోయాయి. తర్వాత ఢిల్లీ, 1964లో బొంబాయి. కలకత్తా ఒక్కటే మిగిలింది.

ఎందుకు మిగిలింది? నా అభిప్రాయంలో దీనికి సమాధానంలో సగం 1953లో ఉంది. ఆ ఏడాది కంపెనీ రెండో తరగతి టికెట్టు ఒక పైసా పెంచింది. వామపక్షాలు ఉద్యమం లేవదీశాయి. జనం పాత టికెట్టే ఇస్తామన్నారు, ట్రామ్‌లు తగలబడ్డాయి, కాల్పులు జరిగాయి. చివరికి బిధాన్ చంద్ర రాయ్ ప్రభుత్వం వెనక్కి తగ్గింది. ఆ పైసా గొడవను మనం రాజకీయ చరిత్రగా చదువుతాం. కానీ గుమస్తా, మిల్లు కూలీ, విద్యార్థి కరెంటు బండిలో చౌకగా తిరిగే హక్కును కాపాడుకున్న సందర్భం కూడా అదే. దీనికి రెండో వైపూ ఉంది. టికెట్టు పెరగకపోతే పట్టాలకు, బోగీలకు డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది? 1967లో ప్రభుత్వం నిర్వహణ చేపట్టింది, 1976లో జాతీయం చేసింది. ఆ తర్వాత బస్సులు, కార్లు పెరిగాయి. రోడ్డు మధ్య ట్రామ్‌కు విడిగా ఉన్న దారిని చాలాచోట్ల తీసేసి పట్టాలను కార్లతో కలిపేశారు. ముందు కార్లు అడ్డం నిలిచాయి, తర్వాత ట్రామ్ నెమ్మదిగా పోతుందన్నారు. 1993లో హావ్‌డా వంతెన మీద ట్రామ్ ఆగింది.

ప్రభుత్వం వాదనను కూడా న్యాయంగా రాయాలి. కోల్‌కతా విస్తీర్ణంలో రోడ్లది సుమారు 6 శాతమే అంటారు. పెద్ద నగరానికి ఇది చాలా తక్కువ. మెట్రో కూడా దేశంలో మొదట అక్కడే, 1984 అక్టోబరు 24న, 3.4 కిలోమీటర్లతో మొదలైంది. 2024లో హుగ్లీ నది కింది నుంచి కూడా మెట్రో నడిచింది. నేల కింద కరెంటు రైలు ఉండగా నేల మీద ట్రామ్ ఎందుకన్న ప్రశ్న కొట్టిపారేయదగ్గది కాదు. కానీ మెట్రో కిలోమీటరు ఖర్చు, కట్టడానికి పట్టే ఏళ్లు, దాని సిమెంటు, ఉక్కు తయారీలో వచ్చే ఉద్గారాలు కూడా లెక్కలో వేయాలి. ట్రామ్ పట్టాలు ఇప్పటికే వేసి ఉన్నాయి.

2019లో కోల్‌కతాకు ఎలక్ట్రిక్ బస్సుల కార్యక్రమానికి సీ40 నగరాల కూటమి హరిత రవాణా అవార్డు ఇచ్చింది. అప్పటికే ట్రామ్ మార్గాలు ఒకటొకటిగా మూతపడుతున్నాయి. ఇక్కడ చిన్న లెక్క చేద్దాం. డీజిల్ బస్సు లీటరుకు 3.5 కిలోమీటర్లు పోతుందనుకోండి. లీటరు డీజిల్ కాలితే సుమారు 2.7 కిలోల కార్బన్ డయాక్సైడ్, అంటే కిలోమీటరుకు 0.77 కిలోలు. ఎలక్ట్రిక్ బస్సు కిలోమీటరుకు 1.1 యూనిట్లు తింటుందనుకోండి. మన దేశపు గ్రిడ్‌లో యూనిట్‌కు సుమారు 0.7 కిలోలు. గుణిస్తే మళ్లీ 0.77 కిలోలే! కరెంటు బొగ్గు నుంచి వస్తున్నంత కాలం బండి మార్చి పొగగొట్టాన్ని ఊరి బయటికి జరిపినట్టే, ఎక్కువలో ఎక్కువ. 1902లో జరిగిందీ అదే. అందుకే గ్రిడ్‌ను మార్చడం, బండి తినే కరెంటు తగ్గించడం, రెండూ కావాలి. 2022లో మనం సవరించిన లక్ష్యాల్లో మొదటిది ఉంది: 2030 నాటికి స్థాపిత విద్యుత్ సామర్థ్యంలో 50 శాతం శిలాజేతర వనరుల నుంచి. ఈ మైలురాయిని 2025లోనే దాటాం, కానీ స్థాపిత సామర్థ్యం వేరు, నిజంగా ఉత్పత్తయ్యే కరెంటు వేరు. ఉత్పత్తిలో బొగ్గు వాటా ఇంకా ఎక్కువే. రెండో దానిలో ట్రామ్‌కు సహజంగా పైచేయి ఉంది. ఉక్కు పట్టా మీద ఉక్కు చక్రం దొర్లడానికి రబ్బరు టైరు కంటే చాలా తక్కువ శక్తి చాలు, పైగా బ్యాటరీ మోయనక్కర్లేదు. తొందరగా పాడయ్యే బండి కూడా కాదు.

2023 ఫిబ్రవరిలో ట్రామ్‌కు 150 ఏళ్లు నిండాయి. అప్పటికి రెండు మూడు మార్గాలే నడుస్తున్నాయి. విషయం కలకత్తా హైకోర్టుకు వెళ్లింది, కోర్టు ఒక సలహా కమిటీని వేయించింది. 2024 సెప్టెంబరులో రాష్ట్ర రవాణా మంత్రి ఎస్ప్లనేడ్–మైదాన్ మధ్య వారసత్వ మార్గం తప్ప మిగతా ట్రామ్‌లు ఆపేస్తామని ప్రకటించారు. అదే ఏడాది సుప్రీంకోర్టు ఎం.కె. రంజిత్‌సింహ్ కేసులో, వాతావరణ మార్పు దుష్ప్రభావాల నుంచి రక్షణ పొందే హక్కు 14, 21 అధికరణల్లో ఉందని చెప్పింది. బట్టమేక పిట్ట, కరెంటు తీగల కేసు అది. ట్రామ్‌తో సంబంధం లేదు. కానీ ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి ఆలోచించే ప్రశ్న పరీక్షలో రావచ్చు.

కాబట్టి ఈ వారం ఇది రాసి చూడండి, 250 పదాల్లో: "వారసత్వంగా కాపాడడం, రవాణాగా నడపడం ఒకటి కావు. కోల్‌కతా ట్రామ్ ఉదాహరణతో చర్చించండి." 1953ను మాత్రం వదలొద్దు. సమాధానాల్లో టికెట్టు ధర గురించి రాసేవాళ్లు తక్కువ.