పునాది గుంతలో చరిత్ర

సంగారెడ్డికి సమీపాన కొండాపూర్ అనే వూరు వుంది. ఆ వూరి పక్కనున్న దిబ్బను ప్రజలు కోటగడ్డ అంటారు. కోట అనగానే మన మనస్సు రాజుకోసం వెదుకుతుంది. పాఠ్యగ్రంథాలు మనకు అలవాటు చేసిన చూపు అది. కాని 1940–42 మధ్య నైజాం ప్రభుత్వ పురావస్తుశాఖ, గులాం యజ్దానీ ఆధ్వర్యాన, ఆ దిబ్బను తవ్వించినప్పుడు బయటపడినది శాతవాహనుల కాలంనాటి ఒక పట్టణం. ఇటుక కట్టడాలు, బౌద్ధ నిర్మాణాలు, మట్టిబొమ్మలు, పూసలు, ఇనుప పనిముట్లు, కుండలు, వందలాది నాణేలు దొరికాయి. రోమక చక్రవర్తి అగస్టస్ బంగారు నాణెం కూడా వాటిలో వుంది. ఇక్కడ టంకశాల వుండివుంటుందని పరిశోధకులు భావించారు.

నాణెం మీద రాజు పేరు వుంది. ఆ నాణేనికి సీసం కరిగించినవాని పేరు ఎక్కడా లేదు. కుమ్మరి, కమ్మరి, పూసలు తొలిచిన పనివాడు శాసనాలు వేయించలేదు. కావ్యాలు వారిని గురించి పెద్దగా పట్టించుకోలేదు. వారి చరిత్ర అంతా బూడిదపొరలో, పగిలిన పెంకులో, అరిగిన పనిముట్టులో వుంది. ఆ చరిత్రకు నేల తప్ప వేరే గ్రంథాలయం లేదు.

అయితే నేలను చదివే పద్ధతి ఒకటి వుంది. ఏ వస్తువు ఏ పొరలో, దేని పక్కన, ఎంత లోతున దొరికిందో తెలిస్తేనే అది సాక్ష్యమవుతుంది. మన దేశంలో వీలర్ 1945లో అరికమేడులోనూ, 1947లో బ్రహ్మగిరిలోనూ గట్టిగా నిలబెట్టిన సూత్రం యిదే. పొర చెదిరిన తరువాత పూస వట్టి పూసగానే మిగులుతుంది. దాన్ని మ్యూజియంలో అద్దాల వెనుక పెట్టవచ్చు, దానిచేత మాట్లాడించలేము.

ఇప్పుడు పటాన్‌చెరు వైపు చూద్దాం. చాళుక్య శాసనాలలోని పొట్టలకెరె యిదేనని పలువురు చరిత్రకారుల అభిప్రాయం. ఇక్కడ లభించిన జైన శిల్పాలు హైదరాబాదు మ్యూజియంలో వున్నాయి. ఇటువంటి నేలమీద 1970ల నుంచి పారిశ్రామికవాడ పెరిగింది. షెడ్డుకు పునాది, గొట్టాలకు కాలువ, నీటితొట్టికి గుంత — జేసీబీ దిగిన ప్రతిచోటా ఏదో ఒక కాలపు పొర తెగుతుంది. తెగిన పొరను చూసేవారెవరు?

చట్టం ఏం చెబుతున్నదో గమనించాలి. 1958 నాటి పురావస్తు చట్టానికి 2010లో చేసిన సవరణ ప్రకారం, కేంద్ర రక్షణలోవున్న స్థలం చుట్టూ 100 మీటర్ల వరకు నిర్మాణం నిషిద్ధం. ఆపైన మరో 200 మీటర్ల వరకు అనుమతి అవసరం. ఆ గీత దాటితే, గుంత తవ్వేటప్పుడు పురావస్తు పరిశీలకుడు దగ్గరుండి తీరాలన్న సాధారణ నియమం లేదు. ఇక 1878 నాటి నిక్షేపాల చట్టం వుంది. పది రూపాయలకు మించిన నిధి దొరికితే కలెక్టరుకు తెలపాలని, దాచినవాడు శిక్షార్హుడని అది చెబుతుంది. దాని చూపంతా సొత్తు విలువ మీదనే. బూడిదపొరకు అందులో వెల లేదు. గుంత తవ్వే కూలీ దాని దృష్టిలో సాక్షి కాడు, అనుమానితుడు.

చేయదలచుకుంటే చేయలేకపోలేదు. నాగార్జునసాగర్ కింద ఇక్ష్వాకుల విజయపురి మునిగిపోతుందని తెలిసి, 1954 నుంచి 1960 వరకు ఆ లోయను ఆర్. సుబ్రహ్మణ్యం నాయకత్వాన తవ్వి, నమోదుచేసి, కొన్ని కట్టడాలను కొండమీదికి తరలించారు. ఆనకట్టా ఆగలేదు, చరిత్రా పూర్తిగా మునగలేదు. ఇంగ్లండులో 1990 నుంచి నిర్మాణ అనుమతుల విధానంలోనే యీ బాధ్యత చేరింది. పాతకోట ఆవరణలో మురుగుగొట్టం వేసినా, గుంత పక్కన ఒక పరిశీలకుడు నిలబడే ఏర్పాటు అక్కడ పరిపాటి. ఏదైనా కనబడితే, నమోదయ్యేవరకు ఆ మేర పని ఆగుతుంది. ఆ ఖర్చు సాధారణంగా కట్టించేవాడిదే.

పరిశ్రమకు యిది అడ్డంకి కాదా, ఉపాధి మాటేమిటి అని కొందరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. పరిశ్రమ వద్దని మనం అనడంలేదు; పరిశ్రమ లేనిదే కార్మికవర్గమే లేదు. పని ఆగిన రోజున కూలీ కోయకుండా, ఆ భారం పెట్టుబడి పెట్టినవాడు మోయాలని మాత్రమే అంటున్నాం. అంతేకాదు, పెంకును మొదట చూసేది యింజనీరు కాదు, పారపట్టినవాడు. అతనికి బెదిరింపు కాక గుర్తింపు యివ్వాలి. దొరికినదాన్ని కదపకుండా కబురు చేయడం నేర్పాలి. మన కళాశాలల చరిత్రశాఖలు విద్యార్థులను కోటగడ్డకు ఒకరోజు విహారానికి కాక, యీ గుంతల దగ్గరికి పనికి పంపాలి.

రెండువేల ఏళ్లనాటి పనివాని ఆనవాలును నేటి పనివాని చేతనే, అతనికి తెలియకుండా, తుడిచివేయిస్తున్నాం. కోటగడ్డ కింద రాజుకోసం వెదికినవారికి పనివారు కనిపించారు. పటాన్‌చెరు గుంతల్లో ఎవరున్నారో చూడటానికైనా, మట్టి తిరిగి పూడ్చకముందే ఒక మనిషి అక్కడ నిలబడాలి.