మోకాలిని ముందు ఎవరు చూడాలి?

ఎముక విరిగిందంటే తెలుగువాళ్ళకి ఇప్పటికీ ముందు గుర్తొచ్చే ఊరు పుత్తూరు. ఆకుపసరు, కోడిగుడ్డు సొన, వెదురుబద్దలు, గుడ్డ. ఆ కట్టు కట్టే చేతికి పట్టా ఉందా అని ఎవరూ అడగరు. నాలుగున్నరేళ్ళు చదివి పట్టా తెచ్చుకున్న ఫిజియోథెరపిస్టుకి మాత్రం "డాక్టరుగారు రాసిచ్చారా?" అన్న ప్రశ్న తప్పదు. ఈ షరతు ఎక్కడ పుట్టిందా అని వెతుకుతూ పోతే లండన్ తేలింది.

1894లో అక్కడ నలుగురు నర్సులు మసాజ్ చేసే స్త్రీల కోసం ఒక సంఘం పెట్టుకున్నారు. మసాజ్ పేరుతో వ్యభిచారం నడుస్తోందని అదే ఏడు బ్రిటిష్ మెడికల్ జర్నల్ గగ్గోలు పెట్టింది. పరువు దక్కించుకోడానికి సంఘం కట్టుబాట్లు పెట్టింది: వైద్యుడు చెబితే తప్ప రోగిని ముట్టుకోకూడదు, అత్యవసరమైతే తప్ప మగవాళ్ళకి మసాజ్ చేయకూడదు. అంటే, "రాసిస్తేనే" అన్న నియమం వెనక సైన్సు కంటే ఆడవాళ్ళ మీద లోకానికున్న అనుమానమే ఎక్కువ. అప్పటికది వాళ్ళకి రక్షణ. తర్వాత అదే సంకెల అయింది.

మన దేశంలోకి ఈ వృత్తి పోలియో వెంట వచ్చింది. 1953లో బొంబాయి కేఈఎం ఆసుపత్రిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ సాయంతో ఫిజియోథెరపీ స్కూలు మొదలైంది. 1955లో భారత ఫిజియోథెరపిస్టుల సంఘం ఏర్పడింది. చదువుతో పాటు ఆ పాత షరతూ అలవాటుగా వచ్చేసింది.

బయట మాత్రం అది సడలుతూ పోయింది. 1976లో ఆస్ట్రేలియా ఫిజియోథెరపిస్టుల సంఘం ఆ నియమాన్ని తీసేసింది. ఇంగ్లండులోని ఎక్సెటర్‌లో, కృత్రిమ తుంటి కీలుతో పేరుపడ్డ సర్జన్ రాబిన్ లింగ్, బైల్స్‌తో కలిసి 1989లో ఒక వ్యాసం రాశాడు. ఆర్థోపెడిక్ ఓపీకి వచ్చేవాళ్ళని ముందు ఫిజియోథెరపిస్టే చూసే పద్ధతి గురించి. 2013లో బ్రిటన్, తగిన శిక్షణ పొందిన ఫిజియోథెరపిస్టులు స్వతంత్రంగా మందులు కూడా రాయొచ్చంది.

ఇక మన సంగతి. 1986లో విజయవాడలో ఆరోగ్య విశ్వవిద్యాలయం వచ్చింది. ఇప్పుడు రాష్ట్రంలోని ఫిజియోథెరపీ కాలేజీలకి పట్టాలిచ్చేది అదే. దానికి కొద్ది దూరంలోనే, భవానీపురంలో, నేను రోజూ చూసే దారి వేరు. మోకాలు నొప్పి పుడితే ముందు మెడికల్ షాపులో నొప్పి బిళ్ళలు. నెలలు గడిచాక ఎముకల డాక్టరు, ఎక్స్‌రే, ఎమ్మారై. చివరికి, డబ్బూ ఓపికా అయిపోయాక, ఫిజియోథెరపీ. మోకాలి అరుగుదలకి మొదటి వైద్యం వ్యాయామం, బరువు తగ్గడం అని వైద్య మార్గదర్శకాలన్నీ చెబుతున్నాయి. నొప్పి లేనివాళ్ళ ఎమ్మారైలోనూ డిస్కు ఉబ్బులు కనిపిస్తాయి. అయినా మనం మొదట చేయాల్సింది చివర్లో చేస్తున్నాం. దీనికి ఖరీదు కట్టేది వంగి నాట్లేసిన నడుములు, బస్తాలు మోసిన మోకాళ్ళు.

2021 నాటి జాతీయ అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం, ఫిజియోథెరపిస్టు పరీక్ష చేయొచ్చు, స్వతంత్రంగా ప్రాక్టీసు చేయొచ్చు అని స్పష్టంగా రాసింది. పెద్ద మార్పే. కానీ 2025 సెప్టెంబరులో గొడవంతా పేరు ముందు "డాక్టర్" అన్న రెండక్షరాల చుట్టూ తిరిగింది. 9న కేంద్ర ఆరోగ్య సేవల డైరెక్టరేట్ అలా వాడొద్దని లేఖ ఇచ్చింది, మర్నాడే వెనక్కి తీసుకుంది.

వైద్యుల భయంలో నిజం లేకపోలేదు. నడుంనొప్పి ఒక్కోసారి క్యాన్సరు కావచ్చు, వెన్నులో చేరిన క్షయ కావచ్చు. రాత్రిళ్ళు నిద్రలేపే నొప్పి, జ్వరం, కారణం లేకుండా తగ్గే బరువు, మూత్రం మీద పట్టు తప్పడం: వీటిని గుర్తుపట్టి వెంటనే పంపించేయడం రాకపోతే ముందు చూసే హక్కుకి అర్థం లేదు. ఆ నేర్పు చదువుతో వస్తుంది, తనిఖీతో నిలుస్తుంది. బోర్డు మీద ఏం రాసుకోవాలన్నది ఆ తర్వాతి సంగతి. కాబట్టి నేను అడిగేది ఒకటే. చట్టం ఇచ్చిన హక్కుని ఆ శిక్షణతో కలిపి ప్రభుత్వాసుపత్రి ఓపీలోకి తేవాలి. నాట్లేసే మనిషికి నొప్పి మొదలైన వారంలోనే, మెడికల్ షాపు కంటే ముందే, సరైన చేయి దొరకాలి.