పెద్దల మొర, కోర్టు నోటీసు

కాలిఫోర్నియా కోర్టుల్లో ఈఏ-109 అని ఒక ఫారం ఉంది. 65 ఏళ్లు నిండినవారు తమను కొట్టే మనిషి నుంచో, డబ్బు కాజేసే మనిషి నుంచో రక్షణ కోరుతూ కోర్టుకెక్కితే, విచారణ ఏ తేదీన, ఎన్ని గంటలకు, ఏ గదిలో జరుగుతుందో అవతలివారికి తెలిపే నోటీసు అది. గుమస్తాలు నింపే మామూలు కాగితంలా కనిపిస్తుంది. వృద్ధుల హింసపై అమెరికా చట్టం నడిచిన దారి చూస్తే మాత్రం, అంతవరకూ ఇతరుల జాలిపై ఆధారపడ్డ పెద్దలు తమ తరఫున తామే అడిగే మనుషులైనది ఈ నోటీసుతోనే అనిపిస్తుంది.

ఇంట్లోవాళ్లే ముసలివాళ్లను కొడుతున్నారని బ్రిటన్ వైద్యులు 1975లో పత్రికలకెక్కించారు. ఆ దశాబ్దం చివర అమెరికా ప్రతినిధుల సభలో క్లాడ్ పెప్పర్ అధ్యక్షతన ఉన్న వృద్ధుల కమిటీ బహిరంగ విచారణలు జరిపింది. తర్వాత రాష్ట్రాలు చట్టాలు చేశాయి గానీ, చాలావాటికి నమూనా పిల్లలపై హింస చట్టాలే. డాక్టరో నర్సో అనుమానం వస్తే అధికారులకు చెప్పాలి, అధికారి వచ్చి చూడాలి. డెబ్బై ఏళ్ల మనిషిని ఏడేళ్ల పిల్లాడితో సమానం చేసిన ఆ పద్ధతిలో బాధితుల ఇష్టానికి చోటు తక్కువ. కాలిఫోర్నియా 1991లో ఇంకో మెట్టెక్కింది. కేసు తేలేలోపు ముసలివారు పోతే వారు పడ్డ బాధకు పరిహారం కూడా వారితోనే పోయేది, అందుకని లాయర్లు ఇలాంటి కేసులు ముట్టుకునేవారు కాదు. ఆ లోపాన్ని సరిచేసి, లాయరు ఫీజు కూడా ఇప్పించే ఏర్పాటు చేశారు. 1999 చట్టం బాధితులే నేరుగా రక్షణ ఉత్తర్వు అడిగే హక్కిచ్చింది. దానికి కోర్టు ఫీజు లేదు.

అదే ఇంట్లో ఉన్న కొడుక్కి ముందుగా నోటీసిస్తే తల్లి ప్రాణానికే ముప్పు కదా అని అడగవచ్చు. భయం నిజమైనదే. అందుకే దరఖాస్తు పడ్డ రోజు, లేదా మరుసటి పనిదినాన, జడ్జి తాత్కాలిక ఉత్తర్వు సంగతి తేలుస్తాడు. ఇచ్చాడో నిరాకరించాడో ఆ నోటీసులోనే గళ్లలో గుర్తు పెడతారు. నోటీసు, ఉత్తర్వు, జవాబు రాసుకోవడానికి ఖాళీ ఫారం ఒకే కట్టగా వెళ్తాయి. వాటిని తల్లి తన చేత్తో ఇవ్వకూడదు. రక్షణ కోరినవారు కాక 18 ఏళ్లు నిండిన వేరెవరైనా ఇవ్వాలి, షెరీఫ్ అయితే ఉచితంగా అందజేస్తాడు. మామూలుగా విచారణకు ఐదు రోజుల ముందే చేరాలి, విచారణ 21 రోజుల్లో, తగిన కారణం ఉంటే 25 రోజుల్లో జరగాలి.

అలాంటప్పుడు నోటీసే ఎందుకనేవారికి జవాబు 1950 నాటిది. చిరునామా తెలిసిన మనిషి హక్కులు తేల్చేటప్పుడు పేపర్లో ప్రకటన వేసి ఊరుకుంటే చాలదని అమెరికా సుప్రీంకోర్టు ఒక బ్యాంకు ట్రస్టు కేసులో తేల్చింది. పెద్దల కేసుల్లో రక్షణ ఉత్తర్వు ఐదేళ్ల వరకు ఉండవచ్చు, కొట్టినవాణ్ని ఇల్లు ఖాళీ చేయించవచ్చు. ఆస్తి తగాదాలో అన్నమీద తమ్ముడు తల్లిని ఉసిగొల్పే కేసులూ ఉండకపోవు. అవతలి మాట వినకుండా ఇచ్చిన ఉత్తర్వు తల్లికీ గట్టి అండ కాదు. అయితే గదిలో బంధించి ఫోను లాక్కుంటే ఆ తల్లి ఫారం ఎలా నింపుతుంది? ఈ విమర్శకు పాత చట్టం దగ్గర జవాబు లేదు. అలా ఒంటరిని చేయడాన్ని ఆపమని ఆత్మీయులు కూడా అడిగే వీలు 2023 నుంచి వచ్చింది.

మన 2007 తల్లిదండ్రుల పోషణ చట్టంలోనూ నోటీసే గడియారం. అది అందినప్పటి నుంచి ట్రిబ్యునల్‌కు 90 రోజుల గడువు. పిల్లలు విదేశాల్లో ఉంటే సమన్లు పంపే దారిని కూడా ఆ చట్టం చెప్పింది. కాలిఫోర్నియాలో పిల్లల దగ్గరుండే తెలుగు పెద్దలను అక్కడి చట్టం అడిగేది వయసు, నివాసమే గానీ పౌరసత్వం కాదు. దెబ్బలు, నిర్లక్ష్యం కేసుల్లో దుబాసీ ఖర్చు కోర్టే భరించే ఏర్పాటుంది, కాబట్టి తెలుగులోనే మాట్లాడవచ్చు. అక్కడి తెలుగు సంఘాలు ఈ ఒక్క సంగతైనా ప్రతి పెద్దామెకూ, పెద్దాయనకూ చెప్పాలి.