బ్యాటరీలు తీసేసినా పలికిన తంతి

1859 సెప్టెంబరు 2, శుక్రవారం పొద్దున. అమెరికాలోని బోస్టన్ తంతి ఆఫీసులో పని సాగడం లేదు. ఎవరూ పంపని కరెంటు తీగల్లో పారుతోంది. ఒకసారి పొంగుతుంది, ఇంకోసారి చచ్చుబడుతుంది. విసిగిపోయిన ఆపరేటరు, అవతలి కొసన పోర్ట్‌లాండ్‌లో ఉన్నతన్ని ఓ పావుగంట బ్యాటరీ తీసేసి చూడమన్నాడు. తనూ తీసేశాడు. బ్యాటరీ ఉన్నప్పటికన్నా ఇదే నయమని అటునుంచి జవాబొచ్చింది! సుమారు రెండు గంటలు అలా నడిపించారు.

అందరికీ అంత సరదాగా గడవలేదు. ఐదు రోజుల ముందే వచ్చిన తొలి సౌర తుపానులో వాషింగ్టన్ ఆపరేటరొకరి నుదురు తీగకు తగిలి, నిప్పురవ్వ ఎగిరి గట్టి షాకు కొట్టింది.

ఇందులో మాయ లేదు. తంతి తీగ రెండు కొసలనూ భూమిలోకి దింపేవారు. భూమి అయస్కాంత క్షేత్రం ఊగితే అంత పొడవు తీగలోనూ కరెంటు పుడుతుంది. సైకిల్ డైనమో సూత్రమే, కాకపోతే ఇక్కడ తొక్కేవాడు సూర్యుడు.

ఆ తొక్కుడును ముందురోజే చూసినవాడు రిచర్డ్ కారింగ్టన్. ఇంగ్లండులోని రెడ్‌హిల్‌లో సూర్యుడి మచ్చలు గీసుకుంటుంటే వాటి మీద రెండు తెల్లటి మెరుపులు. సాక్షిని పిలుచుకొద్దామని పరుగెత్తి, నిమిషంలో తిరిగొచ్చేసరికి అవి వెలవెలబోయాయి. పాపం! అదృష్టవశాత్తు హాడ్జ్‌సన్ అనే మరో పరిశీలకుడూ అదే మెరుపును చూశాడు.

ఆ మెరుపు తర్వాత సుమారు 18 గంటల్లో తుపాను భూమిని తాకింది. దాని ఉధృతికి గట్టి రుజువు మన బొంబాయిలో దొరకడం నాకు ఎప్పుడూ గర్వంగానే ఉంటుంది. బోస్టన్‌లో ఇంకా తెల్లవారకముందే, ఇక్కడ పట్టపగలు, కొలాబా వేధశాలలో కళ్లతో చూసి చేత్తో రాసుకున్న కొలతల్లో క్షేత్రం సుమారు 1,600 నానోటెస్లాలు పడిపోయింది. 1989 మార్చిలో కెనడాలోని క్యూబెక్‌ను తొమ్మిది గంటలు చీకట్లో ముంచిన తుపాను లెక్క 589. అది నాలుగు కేంద్రాల సగటు కాబట్టి పోలిక పూర్తిగా పొసగదు. అయినా తేడా తెలుస్తూనే ఉంది.

ఇవాళ మాటలు గాజు తీగలో వెలుగై పోతున్నాయి, వాటిని ఈ కరెంటు అంటదు. కానీ సముద్రం అడుగున ఆ వెలుగుకు మళ్లీ బలమిచ్చే రిపీటర్లకు కరెంటు అందేది లోహపు తీగ గుండానే.

సూర్యుడిపై కాపలాకు మన ఆదిత్య-ఎల్1 వ్యోమనౌక శ్రీహరికోట నుంచి బయల్దేరిన తేదీ కూడా సెప్టెంబరు 2, 2023లో. భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరంలో అది ముందుగా పసిగట్టినా, తుపాను 1859 నాటి వేగంతో వస్తే మనకు మిగిలేది పదకొండు నిమిషాల లోపే.