గిర్నార్ మెట్లెక్కే ముందు ఒక బండ

గుజరాత్‌లోని జునాగఢ్ ఊరిని ఆనుకుని గిర్నార్ కొండ ఉంది. మెట్లు సుమారు పదివేలు అంటారు. జైనులకూ హిందువులకూ పుణ్యక్షేత్రం. ఎక్కినవాడికి పుణ్యమని నమ్మకం. 2020 అక్టోబరులో రోప్‌వే వచ్చాక ఆ పుణ్యం టికెట్ కొని కూర్చున్నా వస్తోంది. హేతువాదులు ఈ కొండను తప్పక చూడాలని నా అభిప్రాయం. అయితే అసలు చూడవలసింది కొండ మీద లేదు. మెట్ల దాకా వెళ్ళే దారిలో, రోడ్డు పక్కనే ఉంది.

ముందుగా ఊళ్ళోని ఉపర్‌కోట్ కోటకు వెళ్ళండి. అక్కడ అడీ కడీ వావ్ అని ఒక దిగుడుబావి ఉంది. గట్టి రాతిని నిలువునా తొలిచి చేశారు. దీనికో కథ చెబుతారు. ఎంత తవ్వినా నీరు పడలేదట. ఇద్దరు కన్నెపిల్లల్ని బలి ఇస్తే పడుతుందని రాజపురోహితుడు చెప్పాడట. అడీ, కడీ అనే ఇద్దరిని బలి ఇచ్చారట, నీరు పడిందట. ఇంకో కథ ప్రకారం వాళ్ళిద్దరూ ఆ బావి నుంచి రోజూ నీళ్ళు మోసిన పనిపిల్లలు. ఈ రెండోది ఎవరూ పెద్దగా చెప్పుకోరు. పక్కనున్న చెట్టుకు జనం ఇప్పటికీ గుడ్డపీలికలు, గాజులు కడతారు. బావి తొలిచిన రాతిపనివాళ్ళ పేరు మాత్రం ఒక్కటీ మిగల్లేదు.

ఇక్కడి నుంచి గిర్నార్ వైపు వెళ్ళే దారిలో ఒక చిన్న భవనం, లోపల పెద్ద గుండ్రాయి. ఆ భవనం 1900లో జునాగఢ్ నవాబు రసూల్‌ఖాన్ కట్టించాడు. ఒక బౌద్ధ చక్రవర్తి రాతను ఒక ముస్లిం నవాబు ఎండావానల నుంచి కాపాడాడన్నమాట.

ఈ బండ మీద మూడు కాలాల రాతలున్నాయి. మొదటిది క్రీ.పూ. 3వ శతాబ్దంలో అశోకుడు చెక్కించిన 14 శాసనాలు. మన కర్నూలు జిల్లా ఎర్రగుడిలో ఉన్నవీ ఇవే. తొమ్మిదో శాసనం చదవండి. జబ్బు చేస్తే, పెళ్ళయితే, బిడ్డ పుడితే, ప్రయాణం కడితే జనం రకరకాల తంతులు చేస్తారని, వాటి వల్ల ఫలం స్వల్పమని, బానిసల పట్లా నౌకర్ల పట్లా సరిగా మెలగడమే ఫలమిచ్చే తంతు అని దాని సారాంశం. ఆడవాళ్ళ తంతుల్ని మరీ తీసిపారేశాడు. మగవాళ్ళ తంతులేమైనా గొప్పవా అని అడగాలనిపిస్తుంది. ఆయన నాస్తికుడేమీ కాదు, స్వర్గం ఆశ కూడా చూపించాడు. అయినా ఆ మాట ఆ రోజుల్లో ఒక చక్రవర్తి అన్నాడు.

శతాబ్దాల పాటు యాత్రికులు ఈ బండ పక్కనుంచే నడిచి వెళ్ళారు. ఆ లిపి చదవడం ఎవరికీ రాలేదు. త్రికాలజ్ఞులని పేరుపొందిన ఏ స్వామి దివ్యదృష్టికీ ఒక్క అక్షరం అందలేదు. చివరికి 1837లో బ్రాహ్మీ లిపిని ఛేదించింది కలకత్తా టంకశాల ఉద్యోగి జేమ్స్ ప్రిన్సెప్. సాంచిలోని చిన్న చిన్న రాతల చివర ఒకే మాట పదేపదే రావడం గమనించి, అది 'దానం' అయి ఉండాలని ఊహించాడు. అక్కడి నుంచి అక్షరం తర్వాత అక్షరం కూడబలుక్కున్నాడు.

రెండో రాత నాకు ప్రాణం. క్రీ.శ. 150 ప్రాంతంలో శక రాజు రుద్రదాముడు వేయించింది. ఇక్కడ ఒకప్పుడు సుదర్శనమనే చెరువు ఉండేది. చంద్రగుప్త మౌర్యుడి కాలంలో పుష్యగుప్తుడనే వైశ్య అధికారి కట్టించాడు. అశోకుడి తరఫున తుషాస్ఫుడనే యవనుడు కాలువలు తీయించాడు. పెద్ద తుఫాను వచ్చి కట్ట తెగింది. గండి పొడవు 420 మూరలు, వెడల్పు అంతే, లోతు 75 మూరలు. మూరకు అడుగున్నర వేసుకుంటే 630 అడుగుల గండి. నీరంతా పోయి సుదర్శనం 'దుర్దర్శనం' అయిందని శాసనమే చమత్కరించింది. తెగడానికి కారణంగా గాలి, వాన, పొంగిన ఏళ్ళు చెప్పారు. దేవుడి కోపమనో, ఎవరో చేసిన పాపమనో అనలేదు.

మంత్రులు ఈ పని కాదన్నారట. గండి మరీ పెద్దదని వాళ్ళ అభ్యంతరం. అది కూడా దాచకుండా రాయించారు. ఫైలు మీద వ్యతిరేకంగా రాసిన నోట్‌ను చింపేయకుండా ఉంచడం ఎంత అరుదో ఆఫీసుల్లో పనిచేసినవాళ్ళకు తెలుసు. చివరికి పని పూర్తి చేయించింది సువిశాఖుడు, పహ్లవ జాతివాడు. ఖర్చు రాజు సొంత ఖజానా నుంచి. ప్రజల మీద పన్ను, వెట్టి, 'ప్రణయం' అనే బలవంతపు చందా వేయలేదని స్పష్టంగా రాశారు. రక్షణ శాఖ లెక్కల్లో జీవితం గడిపినవాడిగా ఒక మాట చెప్పాలి. ఇది రాజు తనకు తానే ఇచ్చుకున్న సర్టిఫికెట్, ఓచర్లు మన చేతిలో లేవు. పుణ్యం కోసం, కీర్తి కోసం చేశానని కూడా ఆయనే అన్నాడు. అయినా కొలతలు, కారణం, అభ్యంతరం, ఖర్చు పద్దు, చేయించినవాడి పేరు అన్నీ ఒకేచోట దొరుకుతున్నాయి.

మన దక్షిణాపథ ప్రభువు శాతకర్ణిని రెండుసార్లు ఓడించి, దగ్గరి బంధుత్వం వల్ల వదిలేశానని కూడా ఇందులోనే ఉంది. ఇంకో సంగతి. మనకు దొరికిన పొడవైన సంస్కృత శాసనాల్లో ఇదే మొదటిదని పండితుల మాట. వేయించినవాడు శకుడు, గండి పూడ్చినవాడు పహ్లవుడు, కాలువ తీసినవాడు యవనుడు. సంస్కృతాన్ని, సంస్కృతిని ఒకే జాతి సొత్తుగా చెప్పుకునేవాళ్ళు ఈ బండ దగ్గర కాసేపు నిలబడాలి.

మూడోది స్కందగుప్తుడి కాలంది. 455 ప్రాంతంలో వానలకు కట్ట మళ్ళీ తెగింది. పర్ణదత్తుడి కొడుకు చక్రపాలితుడు రెండు నెలల్లో పూడ్పించాడు. అయితే ఈసారి ముందు దేవతలకు నేతి ఆహుతులు, బ్రాహ్మణులకు ధనం, ఆ తర్వాత కట్ట. మూడువందల ఏళ్ళలో ఎస్టిమేట్‌లోకి కొత్త పద్దు ఒకటి చేరింది. ఇప్పుడా చెరువు లేదు.

ఇక మెట్లెక్కండి. దాదాపు నాలుగువేల మెట్ల దగ్గర జైన ఆలయాలు. వీటిలో ముఖ్యమైనది 12వ శతాబ్దంలో సజ్జనుడనే దండనాయకుడు పునర్నిర్మించిన నేమినాథ ఆలయం. మేరుతుంగుడి ప్రబంధచింతామణిలో దీని కథ ఉంది. సౌరాష్ట్ర నుంచి వసూలైన మూడేళ్ళ శిస్తును సజ్జనుడు రాజుకు చెప్పకుండా గుడికి ఖర్చు పెట్టాడట. జయసింహ సిద్ధరాజు లెక్క అడిగితే, వర్తకుల దగ్గర సొమ్ము సిద్ధం చేసుకుని, డబ్బు కావాలా గుడి పుణ్యం కావాలా అని అడిగాడట. రాజు పుణ్యమే తీసుకున్నాడట. మా భాషలో దీన్ని నిధుల మళ్ళింపు అంటారు. శిల్పం మాత్రం చూడదగ్గది.

ఇంకా పైన అంబాజీ, గోరఖ్‌నాథ్ శిఖరాలు. ఆపైన దత్తాత్రేయ శిఖరంలో రాతి మీద పాదాల గుర్తులున్నాయి. అవి దత్తాత్రేయుడివని హిందువులు, నేమినాథుడివని జైనులు అంటారు. తగాదా కోర్టు దాకా వెళ్ళింది. నేను అంత పైకి పోలేదు. అంబాజీ దగ్గరే మోకాళ్ళు మొరాయించాయి, కిందికి దిగి మళ్ళీ బండ దగ్గరికే వెళ్ళాను.