రాగం తీయడం

సామర్లకోటలో మా ఇంట్లో రోజుకొక్కసారైనా వినిపించే మందలింపు ఒకటుండేది: "రాగాలు తీయకు." మోకాలు చెక్కుకుపోయిన పిల్లవాడు నొప్పి తగ్గాక కూడా "అమ్మా..." అని సాగదీస్తుంటే మా మామ్మ ఆ మాట అనేది. బడికి వెళ్ళనని మొండికేసినా అదే మాట. సాయంత్రం భీమేశ్వరాలయం వైపు నుంచి భజన వినబడితే ఆవిడే చేతిలో పని ఆపి, "ఎంత బాగా తీశాడే రాగం!" అనేది. పొద్దున్న తిట్టుగా వచ్చిన మాటే సాయంత్రానికి మెప్పయ్యేది. ఏడుపునీ పాటనీ ఒకే మాటతో పిలవడం మాకెవ్వరికీ వింతగా తోచలేదు. తెలుగువాళ్ళకెవరికీ తోచదు. ఆ తోచకపోవడంలోనే ఈ మాట గుట్టంతా ఉందని నాకిప్పుడు అనిపిస్తుంది.

రాగం సంస్కృతం నుంచి వచ్చిన మాట. దాని ధాతువు 'రంజ్'. రంగు పట్టడం, ఎరుపెక్కడం దాని అర్థం. గుడ్డను రంగునీళ్ళలో ముంచి తీస్తే పట్టేది రాగం. పెదవి ఎరుపు అధరరాగం, కెంపు పద్మరాగం. రక్తం కూడా ఆ ధాతువు బిడ్డే, ఎర్రబడినది అని అర్థం. మనసుకు రంగు పడితే అనురాగం, ఆ రంగు వదిలితే విరాగం. మతంగుడు బృహద్దేశిలో రాగానికి లక్షణం చెబుతూ, స్వరవర్ణాలతో అలంకృతమై జనుల మనసును రంజింపజేసే ధ్వనివిశేషం అన్నాడు. రంజింపజేయడమంటే సంతోషపెట్టడమని మనం సరిపెట్టుకుంటాం. ధాతువు దగ్గరకు వెళితే అది మనసును రంగులో ముంచడం. సంతోషం ఆ రంగుల్లో ఒకటి, దుఃఖం ఇంకొకటి.

మాటనూ స్వరాన్నీ ఒక్క గూటిలో పెంచిన నేల మాది. సామర్లకోటకు దగ్గరలోని పిఠాపురం సంస్థానం అండతోనే సూర్యరాయాంధ్ర నిఘంటువు వచ్చింది. మొదటి సంపుటం 1936 నాటిది. అదే ఆస్థానంలో తుమరాడ సంగమేశ్వరశాస్త్రి వీణ మోగింది. కాకినాడ దగ్గరి మాధవపట్నంలో తోలుబొమ్మలాట కళాకారుల కుటుంబాలున్నాయి. వాళ్ళ బొమ్మకు రంగు పూతలా పైపైన ఉండదు. పలచగా గీకిన తోలు రంగును పీల్చుకుంటుంది. వెనక దీపం పెడితే వెలుతురు ఆ తోలులోంచి దూరి, రంగు తెచ్చుకుని తెరమీద పడుతుంది. ఆ తెర వెనకే హార్మోనియం, పద్యం, రాగం. మతంగుడి నిర్వచనానికి ఇంతకన్నా మంచి బొమ్మ నాకు దొరకలేదు. రాగమంటే లోపలికి ఇంకే రంగు.

సంస్కృతం మాటనిచ్చింది, తెలుగు దానికి 'తీయు' అన్న క్రియను తగిలించింది. మనం నూలు తీస్తాం, పాకం ముదిరితే తీగ తీస్తాం, దీర్ఘం తీస్తాం, రాగం తీస్తాం. తెగకుండా సాగే వస్తువుకే ఆ క్రియ నప్పుతుంది. మాటలో అలా సాగేది అచ్చు. 'క'ను సాగదీయాలంటే సాగేది అందులోని 'అ'కారమే. గొంతులోని స్వరతంత్రులు ఎడతెగకుండా కంపిస్తూ, హెచ్చుతగ్గులు స్పష్టంగా వినిపించేది కూడా ముఖ్యంగా అచ్చులోనే. తెలుగు అజంత భాష. మన మాటల్లో ఎక్కువ భాగం అచ్చుతో ముగుస్తాయి, అంటే మాట చివర రాగానికి తలుపు తెరిచే ఉంటుంది. మన వ్యాకరణంలో సంబోధనకు దీర్ఘం వస్తుంది. అమ్మ అంటే పేరు, అమ్మా అంటే పిలుపు. ఆ దీర్ఘాన్ని ఇంకొంచెం సాగదీస్తే మారాం, ఇంకా సాగితే శోకం. చావింట్లో ఆడవాళ్ళు పోయినవారిని వరసపెట్టి పిలుస్తూ "ఓ నాయనో" అని ఏడ్చినప్పుడు, వీధి చివర ఉన్నవాడికి మాటలు వినబడవు. పై నుంచి కిందికి జారే ఆ దీర్ఘం వినబడుతుంది, గుండె గుభేల్మంటుంది. కబురు అందింది.

ఆ కబురు ఎలా అందింది? చెవిలో నత్తగుల్లలా చుట్టుకున్న గొట్టం ఒకటుంది. కీచు ధ్వనులు దాని మొదట్లో, మంద్ర ధ్వనులు చివరి మెలికలో కదలిక తెస్తాయి. అదే వరస మెదడులో చెవుల పైనున్న శ్రవణ భాగం దాకా చెదరకుండా వెళుతుంది. ఇంతవరకూ ఏడుపైనా, పాటైనా, రైలు కూతైనా ఒకటే. ఆ పైన దారులు చీలతాయి. 2000లో పాస్కల్ బెలాన్, ఆయన సహచరులు ఒక సంగతి బయటపెట్టారు: మెదడు పక్క భాగంలో పైనున్న మడత పొడవునా మనిషి గొంతుకు ప్రత్యేకంగా స్పందించే చోట్లున్నాయి. అందులో మాట ఉండాలన్న నియమం లేదు. నవ్వైనా, దగ్గైనా, ఏడుపైనా చాలు. కాకినాడ బండి కోసం సామర్లకోట జంక్షన్‌లో నిలబడ్డప్పుడు ఇంజను మోత, టీ కేకలు, మైకు ప్రకటనల మధ్య మనవాళ్ళ పిలుపు విడిగా వినబడటం వెనక ఈ ఏర్పాటు ఉంది.

గొంతు వైపునుంచి చూస్తే ఇంకో ముడి కనిపిస్తుంది. వేగస్ అనే పదో కపాలనాడి శాఖలే స్వరపేటికకూ వెళతాయి, గుండెకూ వెళతాయి. దుఃఖం పొంగితే ఊపిరి లయ తప్పుతుంది, కండరాలు బిగుస్తాయి, గొంతు పూడుకుపోతుంది, జీరపోతుంది. మనిషి మాటను అదుపులో పెట్టుకోగలడు గానీ ఆ జీరను దాచడం కష్టం. "బాగానే ఉన్నానే" అన్న ఫోను మాట విని, "ఏమైందిరా?" అని తల్లి అడిగేది అందుకే. ఆవిడ మాట వినలేదు, రాగం విన్నది.

మరి ఏడుపు రాగానికీ కచేరీ రాగానికీ నిజంగా చుట్టరికం ఉందా? 2012లో డేనియల్ బౌలింగ్ బృందం దక్షిణ భారత సంగీతాన్నీ తమిళుల మాటతీరునూ, పాశ్చాత్య సంగీతాన్నీ అమెరికన్ల ఇంగ్లీషు మాటతీరునూ పక్కపక్కన పెట్టి కొలిచింది. సంతోషం పలికే చోట స్వరానికీ స్వరానికీ మధ్య అంగలు పెద్దవి, దిగులు పలికే చోట చిన్నవి. సంగీతంలో ఎలాగో మాటలోనూ అలాగే. మన గమకం కూడా ఈ చుట్టరికాన్నే చెబుతుంది. స్వరం దగ్గర నిలబడిపోకుండా పక్క స్వరాన్ని తాకుతూ, ఊగుతూ, జారుతూ వెళ్ళడం వెక్కిపడే గొంతుకు పుట్టుకతో వచ్చిన నడక. విద్వాంసుడు ఏళ్ళు సాధన చేసి ఆ నడకను శ్రుతిలోకి తెచ్చుకుంటాడు.

అయితే ఈ రంగు మొత్తం పుట్టుకతో వచ్చింది కాదు. "ముఖారి మొదలుపెట్టావా?" అని ఏడ్చేవాళ్ళను దెప్పుతారు. త్యాగరాజు ముఖారిలో కట్టినవన్నీ శోకగీతాలు కావు. ఆ రాగం నెత్తిన ఏడుపును పెట్టింది చాలావరకు మన వాడుక. ఇంతకన్నా పెద్ద ఉదాహరణ ఘంటసాల. 1974 ఫిబ్రవరి 11న పోయిన ఆయన జీవితం చివర్లో పాడిన భగవద్గీత, కర్తవ్యం మరిచి కూలబడిన మనిషిని లేపి నిలబెట్టే పాఠం. మన ఊళ్ళు దాన్ని అంతిమయాత్ర వాహనం మీద పెట్టుకున్నాయి. ఇప్పుడు ఎక్కడో ఆ గొంతు లేస్తే చాలు, శ్లోకమేదో తెలియకముందే, "ఎవరు పోయారు?" అని గుమ్మంలోకి వస్తాం. జ్ఞాపకాన్ని దాచే భాగమూ, భయాన్ని పసిగట్టే భాగమూ మెదడులో పక్కపక్కనే ఉంటాయి. పదేపదే ఒకే రంగులో ముంచిన గుడ్డ ఆ గొంతు. ఆ మహాగాయకుడి గొంతుకు ఈ ఒక్క రంగే మిగలకూడదని, మామూలు రోజున పొద్దున్నే కావాలని ఆ గీత పెట్టుకుంటాను.

ఇక కచేరీల్లో, పద్యనాటకాల్లో పెద్దలు వాడే మాట: "రక్తి కట్టింది." రక్తి కూడా రంజ్ ధాతువుదే. మా ప్రాంతంలో నాటకం చూసేవాళ్ళకు తెలుసు, పద్యం చివరి పాదం దగ్గర నటుడు రాగం అందుకుంటాడు, హార్మోనియం వెంట నడుస్తుంది, రాగం ఎక్కడ దిగి నిలుస్తుందో అందరికీ తెలుసు, ఆయన దిగడు. పందిరంతా ఊపిరి బిగపట్టి ఉంటుంది. దిగాక "వన్స్‌మోర్!" 2011లో వలోరీ సలింపూర్, రాబర్ట్ జటోర్ తదితరులు మాంట్రియల్‌లో చేసిన పరిశోధన ఈ అనుభవాన్ని మెదడులో చూసింది. పాటకు ఒళ్ళు గగుర్పొడిచే క్షణంలోనే కాదు, ఆ క్షణం కోసం ఎదురుచూసేటప్పుడు కూడా డోపమైన్ ఊరుతుంది. ఎదురుచూపుకు ఒక చోట, అందుకోవడానికి ఇంకో చోట. రాగం 'తీయడం' ఎందుకో ఇక్కడ తెలుస్తుంది. తీసే కొద్దీ రంగు చిక్కబడుతుంది.

ఈ మాటకు అసలు అర్థం నాకు మా ఇంట్లోనే తెలిసింది. మామ్మకు పక్షవాతం వచ్చి కుడి చెయ్యి పడిపోయింది, మాట పోయింది. మేం చెప్పేది అర్థమయ్యేది, జవాబు మాత్రం వచ్చేది కాదు. ఎడమ మెదడు దెబ్బతిందని కాకినాడ డాక్టరుగారు చెప్పారు. ఆవిడ నోట మాట పెగలని ఆ రోజుల్లోనే, ఒక శుక్రవారం మా అమ్మ హారతిస్తూ పాట ఎత్తుకుంది. మంచం మీంచి మామ్మ గొంతు కలిపింది. మాటలతో సహా, తడబడకుండా, చరణం చివరిదాకా. పాట ఆగగానే మాటా ఆగిపోయింది.

ఇది అద్భుతం కాదని తర్వాత చదివి తెలుసుకున్నాను. మాట కూర్చే పని ఎక్కువమందిలో ఎడమ మెదడుది. రాగం పట్టే పనిలో కుడివైపుకు పెద్ద పాలుంది. ఏళ్ళ తరబడి పాడిన పాటలో మాటలు రాగాన్ని పట్టుకుని, కొత్తగా కూర్చే అవసరం లేకుండా బయటికొస్తాయి. దీని ఆధారంగానే 1973లో అమెరికా పరిశోధకులు, మాట పోయినవాళ్ళ చేత చిన్న చిన్న వాక్యాలను రాగం తీయించి పలికించే చికిత్సను ప్రకటించారు. దీనికి తిరగబడ్డ స్థితీ ఉంది. కుడి మెదడు దెబ్బతిన్న కొందరికి మాటలన్నీ మిగిలి, గొంతులో హెచ్చుతగ్గులు పోతాయని 1981లో ఎలియట్ రాస్ వివరించాడు. వాళ్ళు "చాలా దుఃఖంగా ఉంది" అని చెప్పగలరు, ఆ దుఃఖం గొంతులో పలకదు. 1998లో ఇజబెల్ పెరెట్జ్ బృందం వివరించిన ఒక రోగి, ఎంత తెలిసిన పాటనైనా గుర్తుపట్టలేకపోయేది. అది దిగులు పాటో హుషారు పాటో మాత్రం సరిగ్గా చెప్పేది. పాట పేరు చెరిగినా రంగు నిలిచింది.

మామ్మ చివరిదాకా మాట్లాడలేదు. నన్ను పిలవాలంటే పేరు రాక, "ఆ..." అని అనేది. పొట్టిగా, పైకి లేస్తే మంచినీళ్ళు. పొడవుగా సాగి, చివర కిందికి జారితే నీళ్ళూ వద్దు, మందూ వద్దు, వచ్చి పక్కన కూర్చోమని. నేను ఒక్కసారి కూడా పొరపాటు పడలేదు. రాగాలు తీయకని నన్ను పెంచిన మనిషి రాగమొక్కటే మిగుల్చుకుని పిలుస్తుంటే, "వస్తున్నా మామ్మా..." అని నేనూ సాగదీసి పలికేవాణ్ణి, ఆ గదిలోకి నాకన్నా ముందు నా గొంతు వెళ్ళాలని.